ఐచ్ఛిక విద్యలు: వాని యెన్నిక

మన పాఠశాలలో చదివి, పిమ్మట ఇంటర్మీడియెటు ముగించుకొని, డిగ్రీ కళాశాలలో ప్రవేశింపబోవు పూర్వవిద్యార్థులు వేసవి ముగియువేళ తఱచుగా నాయొద్దకు వచ్చుచుందురు. వారి చేతిలో మడతలు పడిన కాగిత మొకటి యుండును. ప్రధాన విషయమును వారు ముందుగనే నిశ్చయించుకొని యుందురు. దానిని గుఱించి వారికిగాని వారి తలిదండ్రులకుగాని సందేహము లేదు. సందేహమంతయు ఆ కాగితపు దిగువభాగమున నున్న చిన్న చదువుల పట్టికను గుఱించియే. సంగీత పరిచయము, మన ప్రాంతపు కోటలును దేవాలయములును, ఖగోళశాస్త్ర పరిచయము, అచ్చుపనియు పత్రికలును, వాణిజ్య ప్రారంభపాఠములు, కంప్యూటరు ప్రథమపాఠములు, ఇట్టివి ఆఱో యేడో యుండును. వానిలో నొకదానిని ఎన్నుకొనవలయును. అది యొక సెమిస్టరుతో ముగియును. "మాస్టరుగారూ, వీనిలో ఏది తీసికొనమందురు?" అని వారడుగుదురు.

రెండేండ్ల క్రిందట ఒక విద్యార్థి ఇట్లే వచ్చి యడిగెను. అతడు రసాయనశాస్త్రమును ప్రధానముగా తీసికొన్నవాడు, తెలివిగలవాడు, తండ్రి కౌలురైతు. నేను ఆ పట్టికను పైపైన చూచి, "దేనిలో మార్కులు సులభముగా వచ్చునో దానిని తీసికొనుము. నీ శక్తినంతయు రసాయనశాస్త్రమునకు దాచుకొనుము" అని చెప్పి పంపితిని. అతడు నా మాట పాటించి కంప్యూటరు ప్రథమపాఠములను తీసికొనెను. ఆ సంగతులలో చాలభాగము అతడు మన పాఠశాలలోనే నేర్చియుండెను. క్రిస్మసు సెలవులలో కనబడినప్పుడు మార్కు లెట్లు వచ్చినవని యడిగితిని. "తొంబదికి పైగా వచ్చినవి, మాస్టరుగారూ. కాని ఆ గంటలన్నియు నాకు లేనట్లే. క్రొత్తగా నేమియు తెలియలేదు" అనెను. అతడు నన్ను నిందింపలేదు. ఆ మాట మాత్రము నన్ను విడువలేదు. శిక్షణ కళాశాలలో విద్యాచరిత్రను నేనును చదివితిని. పరీక్షకు వ్రాసి మఱచిపోయిన ఆ పాఠములను ఆ సెలవులలోనే మరల తెఱచి చూచితిని. నాకు తోచిన దానిని మన పత్రిక చదువరుల యెదుట ఉంచుచున్నాను.

విద్యార్థి తన చదువును తానే ఎన్నుకొనుట ప్రాచీనాచారము కాదు. ఐరోపాఖండమున మధ్యయుగపు విద్యాలయములలో ఏడు విద్యలు నేర్పుచుండిరి. వ్యాకరణము, తర్కము, అలంకారశాస్త్రము అను మూడును. అంకగణితము, క్షేత్రగణితము, ఖగోళము, సంగీతము అను నాలుగును. వీనికే 'లిబరల్ ఆర్ట్సు' అని పేరు. దాసుడు కాని స్వతంత్రునికి తగిన విద్యలని ఆ మాటకు మొదటి యర్థము. పేరులో స్వాతంత్ర్యమున్నను ఎన్నికలో లేదు. ఉపాధ్యాయుడు నిర్ణయించిన వరుసలోనే విద్యార్థి నడువవలసి యుండెను. దానియేలు గ్రంథము మొదటి యధ్యాయమును జ్ఞాపకము తెచ్చుకొనుడు. బబులోను రాజు యూదా బాలురకు కల్దీయుల విద్యను, భాషను మూడు సంవత్సరములు నేర్పవలెనని యేర్పాటు చేసెను. ఏమి చదివెదరని వారినెవ్వరు నడుగలేదు. దానియేలు తన యిష్టమును తెలుపగలిగినది భోజనమును గుఱించి మాత్రమే!

అమెరికాలో 1636వ సంవత్సరమున స్థాపింపబడిన హార్వర్డు కళాశాలలోను చాలకాలము ఇదే తీరు. లాటిను, గ్రీకు, గణితము మున్నగువానిని విద్యార్థులందఱు నొక్కటిగా చదువుచుండిరి. 1825లో వర్జీనియా విశ్వవిద్యాలయము తెఱవబడినప్పుడు దాని స్థాపకుడగు థామస్ జెఫర్సన్ విద్యార్థులకు కొంత స్వేచ్ఛ నిచ్చెను. దానికి విరుద్ధముగా 1828లో యేల్ కళాశాలవారు ఒక నివేదికను ప్రకటించి, పాతపద్ధతియే మేలని వాదించిరి. మనస్సునకు ముందు సాధన కావలెననియు, సామగ్రిని పిమ్మట నింపుకొనవచ్చుననియు వారి వాదము. ఆ నివేదిక మాటకు అనేక సంవత్సరములు గౌరవము చెల్లెను.

1869లో చార్లెస్ ఎలియట్ అనునతడు తన ముప్పదియైదవ యేట హార్వర్డునకు అధ్యక్షుడయ్యెను. ఇతడును రసాయనశాస్త్రజ్ఞుడే. నలువది సంవత్సరములు ఆ పదవిలో నుండి, నిర్బంధ పాఠములను పైతరగతి మొదలుకొని క్రిందికి ఒక్కొక్కటిగా తొలగించుచు వచ్చెను. నాలుగవ సంవత్సరమువారికి 1872లోను, మూడవ సంవత్సరమువారికి 1879లోను, రెండవ సంవత్సరమువారికి 1884లోను నిర్బంధము పోయెను. 1897 నాటికి మొదటి సంవత్సరపు ఇంగ్లీషు రచన యొక్కటి తప్ప విధిగా చదువవలసినది మఱేమియు మిగులలేదు. ఏ యిద్దఱి మనస్సులు నొక్కటి కావనియు, ఇష్టపడి చదివినదే నాటుకొనుననియు అతని నమ్మకము. ఇంకొక కారణమును గలదు. దానిని పాఠ్యగ్రంథములు ఒక వాక్యముతో దాటవేయును గాని నాకదియే ముఖ్యముగా తోచుచున్నది. ప్రయోగశాస్త్రములు, ఆధునిక భాషలు, చరిత్ర, అర్థశాస్త్రము మొదలైన క్రొత్తవిద్యలు ఆ శతాబ్దమున త్వరత్వరగా పెరిగెను. నాలుగేండ్ల నిర్ణీత పట్టికలో వానికి చోటులేదు. ఎన్నిక తలుపు తెఱవగానే అవి లోపలికి రాగలిగెను. అనగా ఆ స్వేచ్ఛ విద్యార్థి సౌఖ్యమునకు మాత్రమే గాక, విద్యల పెరుగుదలకును దారి యిచ్చినది.

దీనిని ఎదిరించినవారిలో ముఖ్యుడు జేమ్స్ మెకాష్. ఇతడు స్కాట్లండు దేశస్థుడు, ప్రెస్బిటేరియను బోధకుడు. 1868 మొదలు ప్రిన్సుటను కళాశాలకు అధ్యక్షుడు. 1885లో న్యూయార్కు నగరమున ఒక సభలో ఎలియటును ఇతడును ఎదురెదురుగా వాదించుకొనిరి. పదునెనిమిదేండ్ల బాలునికి ఏది మేలో తెలియదనియు, వాడు రుచిగా నున్నదానిని తిని బలమైనదానిని విడిచిపెట్టుననియు, తత్త్వశాస్త్రముగాని మతవిషయకమైన విద్యగాని యెఱుగకయే పట్టభద్రుడు కాగలుగుననియు మెకాష్ భయము. మన చదువరులలో పెద్దలు పలువురు మెకాష్ పక్షముననే నిలుతురని నాకు తెలియును. నేనును సగము ఆ పక్షమే.

ఏలయన, అతని భయము కొంత నిజమయ్యెను. 1898లో హార్వర్డునుండి వెలువడిన తరగతివారు ఏమేమి చదివిరో పిమ్మట లెక్కచూడగా, సగముమందికంటె ఎక్కువ ప్రారంభపాఠములను మాత్రమే తీసికొని, దేనిలోను పైమెట్టు ఎక్కలేదని తేలెను. 1903లో అధ్యాపకుల సంఘమొకటి విచారింపగా, విద్యార్థులు తరగతి వెలుపల చదువుకాలము తామూహించిన దానికంటె చాల తక్కువని కనుగొనిరి. ఏ పాఠము ఉదయము పెందలకడ ఉండదో, ఏ యధ్యాపకుడు మార్కులను ధారాళముగా నిచ్చునో, అందే గుంపు చేరెడిది. ఈ మాటను వ్రాయుచున్నప్పుడు నేను నా విద్యార్థికి చెప్పిన సలహా జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిని. హార్వర్డు బాలురు సోమరితనముచేత చేసిన దానినే, శ్రమజీవియగు నొక బాలునిచేత నేను బుద్ధిపూర్వకముగా చేయించితిని.

1909లో ఎలియట్ తరువాత వచ్చిన లారెన్స్ లోవెల్ మధ్యమార్గము నొకటి యేర్పఱచెను. పదునాఱు పాఠక్రమములలో ఆఱు ఒకేవిద్యకు సంబంధించినవి కావలెను. మఱి యాఱు ఇతర విద్యావర్గములలో పరచుకొనవలెను. తక్కినవి విద్యార్థి యిష్టము. ఒకచోట లోతుగా త్రవ్వుట, పలుచోట్ల నేలను చూచుట అను రెండును ఇందు కుదిరినవి. నేడు లోకములో పెక్కు విశ్వవిద్యాలయములలో ప్రధానవిషయ మొకటియు, దాని ప్రక్కన చిన్న ఐచ్ఛికములును ఉండుట ఈ యేర్పాటు వంశములోనిదే.

చిన్న చదువులను గుఱించి యింకొక ప్రయోగము కూడ చెప్పదగినది. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ప్రెస్బిటేరియను సంఘమువారు ఒక కళాశాలను స్థాపించి 1960లో తెఱచిరి. 1972 నుండి దానికి ఎకర్డు కళాశాల యని పేరు. అందు సంవత్సరమును మూడు భాగములుగా చేసిరి: ఇరుప్రక్కల నాలుగేసి నెలలు, నడుమ జనవరి మాసము. ఆ జనవరిలో విద్యార్థి ఒక్క విషయమునే తీసికొని, తక్కిన పాఠములేవియు లేక, దానితోనే ఆ నెలను గడపవలెను. ఈ పద్ధతిని పిమ్మట అనేక కళాశాలలు గ్రహించినవి. నాకిందు నచ్చినదేమనగా, కాలము కొంచెమైనప్పుడు విషయమును కూడ చిన్నదిగా చేసికొని దానిని పూర్తిగా చూడవలెనను తలంపు. ఒక నెలలో సంగీతచరిత్రనంతయు చదువుట పరుగెత్తు రైలునుండి ఊళ్ల పేర్లు చదువుటవంటిది. ఒక్క రాగమును, ఒక్క వాద్యమును నెల దినములు వినుట వేఱు.

ఇక మన దేశమునకు వచ్చెదము. 2020 జూలై 29న కేంద్రప్రభుత్వమువారు ఆమోదించిన జాతీయ విద్యావిధానమున బహువిషయక విద్యకు పెద్దచోటు దొరకెను. దాని ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా యూజీసీవారు, 2022 డిసెంబరులో పట్టభద్ర పాఠ్యక్రమమునకు ఒక చట్టమును ప్రకటించిరి. మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు; నాలుగేండ్లదానికి 160. మూడేండ్లవానిలో తొమ్మిది క్రెడిట్లు, అనగా మూడేసి క్రెడిట్ల పాఠములు మూడు, తన ప్రధానవిద్యకు వెలుపలివై యుండవలెను. వానిని ప్రకృతిశాస్త్రములు, గణితము కంప్యూటరు మొదలగునవి, గ్రంథాలయ సమాచార పత్రికావిద్యలు, వాణిజ్యము నిర్వహణము, మానవిక సామాజిక శాస్త్రములు అను అయిదు వర్గములుగా విభజించిరి. ఇవి కాక భాషాపాఠములు, వృత్తినైపుణ్య పాఠములు, విలువలకు సంబంధించిన పాఠములు వేఱుగా నున్నవి. ఆయా విశ్వవిద్యాలయముల యమలును బట్టి పేర్లును సంఖ్యలును కొంత మాఱుచుండును గాన, విద్యార్థి తన కళాశాల పుస్తకమును చూచుకొనుట మంచిది.

క్రెడిటు అను మాట తలిదండ్రులకు వింతగా నుండును. వారమునకు ఒక గంట చొప్పున పదునైదు వారములు పాఠము విన్న నది యొక క్రెడిటు. మూడు క్రెడిట్లనగా నలువదియైదు గంటలు. మన పాఠశాలలో దినమునకు ఆఱుగంటల చదువని లెక్కవేసిన, ఏడున్నర దినములు. ఇంతే! 120లో తొమ్మిది యనగా నూటికి ఏడున్నర పాలు. ఈ రెండు లెక్కలును నల్లబల్లపై వేసి చూపినప్పుడు, "ఇంత కొంచెమునకా ఇంత చర్చ?" అని మా సహోపాధ్యాయుడొకరు నవ్విరి. కొంచెము గనుకనే చర్చింపవలసి వచ్చుచున్నదని నేనంటిని. మూడేండ్లు చదువు విద్యలో పది గంటలు వ్యర్థమైనను పూడ్చుకొనవచ్చును. నలువదియైదు గంటలలో పది పోయిన మిగులునది స్వల్పము.

ఆ విద్యార్థి రెండవ సెమిస్టరులో నన్నడుగకయే అచ్చుపనియు పత్రికలును అను పాఠమును తీసికొనెను. వేసవిలో వచ్చి దానిని గుఱించి చెప్పుచు రెండు గంటలు కూర్చుండెను. అతడు చెప్పినదానిని కొంత విపులముగా వ్రాసెదను. చిన్న చదువు ఎట్లుండవలెనో నా మాటలకంటె అది బాగుగా తెలుపును.

వారి అధ్యాపకురాలు లోకములోని ముద్రణచరిత్రనంతయు చెప్పబూనలేదట. మొదటి దినముననే ఒక్క ప్రశ్నను బల్లపై వ్రాసెను: తెలుగు అక్షరము సీసములోనికి ఎట్లు వచ్చినది? పదునైదు వారములును ఆ ప్రశ్నయే. ఇంగ్లీషునకు ఇరువదియాఱు అక్షరములు, వానికే పెద్దవి చిన్నవి చేసికొన్న చాలును. తెలుగునకో, ప్రతి హల్లునకును గుణింతము, వత్తులు, వత్తునకు మరల గుణింతము. తమ పాఠ్యపుస్తకములో ఒక పుట తీసికొని, దానిని చేతితో కూర్చవలసివచ్చిన ఎన్ని వేఱువేఱు సీసపుముక్కలు కావలయునో లెక్కింపుడని ఆమె మొదటి వారపు పని నిచ్చెను. మనవాడు సగము పుట చేయులోపలనే, పూర్వము కూర్పరి యెదుట అన్ని గళ్ల పెట్టె లెందుకుండెనో గ్రహించెనట.

పిమ్మట చరిత్ర. తెలుగు అక్షరములతో తొలి పుస్తకములు అచ్చయినది తెలుగుదేశమున కాదు, మద్రాసునను కాదు. జర్మనీలోని హాలే పట్టణమున, 1746లో. బెంజమిన్ షుల్జ్ అను మిషనెరీ 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో మద్రాసు చేరి, తెలుగు నేర్చి, ఆ భాషకు వ్యాకరణము వ్రాసి, బైబిలు ననువదించెను. ఆ యనువాదము అచ్చునకు నోచుకొనలేదు. స్వదేశమునకు మరలిన పిదప అచ్చట తెలుగక్షరములు పోతపోయించి చిన్న పుస్తకములను వెలువరించెను. 1805లో లండను మిషనువారు క్రాన్, డిగ్రాంజెస్ అను ఇరువురను విశాఖపట్టణమునకు పంపిరి. వారు ఆనందరాయరు అను తెలుగు క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. 1810 ముగియులోపల ఇరువురును మరణించిరి. అచ్చు అంతలోను గంగాతీరమున శ్రీరాంపురమున కావలసియుండెను. 1812 మార్చిలో అచ్చటి ముద్రాలయము అగ్నికి ఆహుతియై, పలు తూర్పుభాషల అక్షరములు కరగి ముద్దలయ్యెను.

ఇచ్చట నా విద్యార్థికన్నులు వెలిగినవి. అక్షరములు కరగినవి గాని, వానిని పోతపోయుటకు మూలమైన ఉక్కుముద్రలు బూడిదలో చెడక దొరకినవి. వానితో మరల క్రొత్త అక్షరములను చేయగలిగిరి. "ఎందుకు దొరకినవో తెలియునా, మాస్టరుగారూ? సీసము 327 డిగ్రీలకే కరగును. ఉక్కు కరగుటకు 1400 దాటవలెను" అనెను. అంతటితో నాగక, సీసమునకు తగరమును ఆంటిమొనియును ఎందుకు కలుపుదురో చెప్పెను. ఒట్టి సీసము మెత్తన, ఒత్తిడికి అణగిపోవును. ఆంటిమొని దానికి గట్టిదనము నిచ్చుటయేగాక, లోహము చల్లారునప్పుడు కుంచించుకొనుటను తగ్గించును. అందుచేత అక్షరపు అంచు పదునుగా నిలుచును. ఈ సంగతి అతని రసాయనశాస్త్ర గ్రంథములో నొక పంక్తిగా నున్నదట. అతడు దానిని పరీక్షకు చదివియే యుండెను. కాని ఆ లోహము ఏ పనికొఱకు అట్లు కావలసివచ్చెనో ఆ దినమున గాని తెలియలేదనెను. శక్తిని రసాయనశాస్త్రమునకు దాచుకొమ్మని చెప్పినవాడను నేను! అచ్చుపనిని గుఱించిన పాఠమునకు పోయి అతడు రసాయనశాస్త్రమునే ఎక్కువగా తెచ్చుకొనెను.

తరువాతి భాగమును త్వరగా చెప్పెదను. కడపలో పండితులను పోషించి వ్రాతప్రతులను సేకరించి, 1829లో వేమన పద్యములను, 1852లో నిఘంటువును ప్రకటించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసున దినపత్రికయైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక. ఇట్లు వారు తమ కాలము వఱకు వచ్చిరి. కడపట ప్రతి విద్యార్థియు తన యూరిలోని ఒక పాత ముద్రాలయమునకు పోయి, చేతితో కూర్చు పని నెఱిగిన వృద్ధుని కనుగొని, అతడు చెప్పినదానిని నాలుగు పుటలు వ్రాసి తేవలెను. పరీక్షలో సగము మార్కులు దానికే. ఇది మార్కులు సులభముగా వచ్చు పాఠము కాదు. మనవానికి డెబ్బదిరెండు వచ్చినవి.

ఇప్పుడు తలిదండ్రుల ప్రశ్న. "ఇందువలన మా వానికి అన్నము దొరకునా?" అని ఒక తండ్రి నన్ను సూటిగా నడిగెను. దొరకదనియే నేను చెప్పితిని. నలువదియైదు గంటల చదువుచేత ఎవ్వడును చరిత్రకారుడు కాడు, గాయకుడు కాడు, పత్రికా విలేఖరి కాడు. దానిని చూపి ఉద్యోగమిత్తురని ఎవరైన చెప్పిన నమ్మకుడు. ఇట్టి పత్రములను నాలుగైదు గోడకు తగిలించి పండితులమనుకొనువారును కలరు. మెకాష్ భయపడినది వారిని గుఱించియే. అయితే ప్రధానవిద్యయు అన్నమును తానై తెచ్చిపెట్టుట లేదని ఆ తండ్రికి తెలియును, నాకును తెలియును. పొలములో వరి వేసినవాడు గట్టుమీద కందియు వేయును. గట్టుమీది కంది కుటుంబమును పోషింపదు. దానికొఱకు వరిని ఎవ్వరును తీసివేయరు. గట్టును ఖాళీగాను విడువరు. ఆ తండ్రి రైతు గనుక ఈ మాట చెప్పినప్పుడు వాదింపలేదు.

ఇంకొక ప్రశ్న మన సంఘములోనే పుట్టుచున్నది. క్రైస్తవ బాలబాలికలు దేవాలయశిల్పమును, ఇతర మతస్థుల పండుగలను, పురాణములను పాఠముగా చదువవచ్చునా యని కొందఱు తల్లులు నిజమైన మనోవేదనతో నన్నడిగిరి. వారి భయమును నేను తేలికగా త్రోసివేయను. కాని అపొస్తలుల కార్యముల పదునేడవ యధ్యాయమును చదువుడు. పౌలు ఏథెన్సు పట్టణమున తిరుగుచు వారి బలిపీఠములను పరిశీలించి, ఒకదానిపైనున్న వ్రాతను చదివి, వారి కవులు చెప్పిన మాటను తన ప్రసంగములో వాడుకొనెను. పరిశీలింపక పోయిన ఆ ప్రసంగమే లేదు. పొరుగువాడు దేనిని ప్రేమించునో తెలిసికొనుట ఒకటి, దానిని పూజించుట వేఱొకటి. మన పిల్లలు ఈ భేదమును గ్రహింపజాలనంత అల్పులు కారు.

ఒక లోపమును కూడ దాచక చెప్పవలెను. కొన్నిచోట్ల పట్టికలో ఆఱు పాఠములుండును, చెప్పుటకు అధ్యాపకుడు ఒక్కదానికే యుండును. అప్పుడు "ఎన్నుకొనుము" అనుట మాటకు మాత్రమే. మఱికొన్నిచోట్ల ఐచ్ఛికపు గంటను ప్రధానవిషయపు పాఠము పూర్తి చేయుటకు వాడుకొందురు. సెమిస్టరు చివర పది పుటల టిప్పణి నిచ్చి, పరీక్ష జరుపుదురు. దీనికి విద్యార్థి నొక్కని నిందించుట న్యాయము కాదు. కాని చేరుటకు ముందు పైతరగతివారిని అడిగి ఈ సంగతి తెలిసికొనవచ్చును. పాఠము పేరు అడుగుటకంటె, దానిని ఎవరు చెప్పుదురు, ఏమి చేయింతురు అని యడుగుట మేలు. చేయింపునది యేదియు లేక వినుట మాత్రమే యున్న చిన్న చదువు నిలువదు. యూజీసీవారి చట్టములో పండ్రెండవ తరగతిలో చదివిన విషయమును ఈ వర్గమున మరల తీసికొనరాదను నియమము కలదు. ఆ నియమము అక్షరమునకు అంటని చోట్లను, కంప్యూటరు ప్రథమపాఠముల విషయములో జరిగినట్లు, దాని భావమును పాటింపవలసి యుండెను. నాకది అప్పుడు తోచలేదు.

ఆ వేసవి దినమున మాటలు ముగిసిన పిదప, అతడు మన గ్రంథాలయపు బీరువాలో పాత పుస్తకములున్నవా యని యడిగెను. తాళము తీయించితిని. అట్టలు ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల ప్రతి యొకటి తీసికొని, ప్రయోగశాలనుండి భూతద్దము తెప్పించుకొని, పుటలు త్రిప్పుచు చాలసేపు కూర్చుండెను. కొంతసేపటికి నన్ను పిలిచి ఒక 'ళ'కారమును చూపెను. దాని తోక కొంచెము విరిగియున్నది. తరువాత పదునాఱు పుటలు దాటి మఱియొక 'ళ'కారమును చూపెను. అదే చోట, అదే విఱుపు. అది యొకే సీసపుముక్క యట. ముందటి పుటలు అచ్చయిన పిదప అక్షరములను విప్పి గళ్లలో వేసి, మరల ఈ పుటకు కూర్చిరి. "ఈ ముక్క ఇంకను ఎన్నిమాఱులు వచ్చునో చూచెదను, మాస్టరుగారూ. దానిని బట్టి వారియొద్ద ఎంత సీసముండెనో తెలియవచ్చును" అనెను. ఆ కీర్తనలను చిన్ననాటినుండి పాడుచున్నవాడను, ఆ పుస్తకమును ఎన్నియోమాఱులు చేత పట్టినవాడను, నేనెన్నడును ఆ అక్షరమును చూడలేదు.

మూడవ సెమిస్టరునకు ఏది తీసికొందువని యడిగితిని. సంగీతమో ఖగోళమో యింకను తేల్చుకొనలేదనెను. నా సలహా యడుగలేదు. బంట్రోతు తాళములు పట్టుకొని వాకిట నిలిచియుండగా, అతడు నాలుగవ 'ళ'కారమును వెదకుచుండెను.